డెక్ కింద 19 సెంటీమీటర్లు: ఒక ఇన్ఫినిట్ బాఫిల్ కారుకి సబ్‌వూఫర్లు ఎంచుకున్న తీరు

ఈ కారు నా దగ్గరికి వచ్చింది సౌండ్ బాగోలేక కాదు, డిక్కీలో చోటు లేక. పెద్ద సెడాన్. డిక్కీలో సగానికి పైగా ఒక ఎండీఎఫ్ (చెక్కపొడి పలక) బాక్స్, అందులో రెండు 12 అంగుళాల సబ్‌లు. వాటితో కారు ఓనర్‌కి ఏ ఇబ్బందీ లేదు. కానీ ఈ మధ్య వాళ్ల నాన్నగారికి వీల్‌చెయిర్ తప్పనిసరి అయింది. చెయిర్ డిక్కీలో పెట్టాలంటే బాక్స్ దించాలి. బాక్స్ ఉండాలంటే చెయిర్‌ని వెనక సీట్లో, నాన్నగారి పక్కనే, బెల్టు కట్టి పెట్టాలి. చెయిర్ బ్రేక్ లివర్ తగిలి సీటు కవర్ అప్పటికే ఒకచోట చిరిగింది.

"బాస్ లేకుండా పాట వినబుద్ధి కాదన్నా. అలాగని నాన్నని ఇరుకులో కూర్చోబెట్టలేను" అన్నాడు.

ఇన్ఫినిట్ బాఫిల్ గురించి అతను ముందే చదువుకుని వచ్చాడు. బాక్స్ అక్కర్లేదు, డిక్కీయే బాక్స్, కాబట్టి 15 అంగుళాల సబ్‌లు రెండు, క్యూటీఎస్ (కోన్ ఊగుడికి ఎంత కళ్లెం ఉందో చెప్పే అంకె) 0.7 ఉన్నవి కొనేద్దాం అన్నది అతని ప్లాన్. మోడల్ కూడా చూసి పెట్టుకున్నాడు. "ముందు డిక్కీ కొలుద్దామండి, సబ్‌ల సంగతి తర్వాత" అన్నాను. కొలిచాక ఆ ప్లాన్‌లో నిలబడింది బాక్స్ అక్కర్లేదన్న ఒక్క మాటే.

ఇన్ఫినిట్ బాఫిల్ అన్న పేరు పెద్దదే గానీ విషయం తేలికే. స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. ఆ రెండూ కలిశాయంటే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, బాస్ మిగలదు. అందుకే మధ్యలో గోడ కావాలి. బాక్స్ కూడా ఒక గోడే. కాకపోతే దానిలో గాలి కొంచెమే కాబట్టి ఆ గాలి స్ప్రింగులా కోన్‌ని అదిమి పట్టుకుంటుంది. 1954లో ఎడ్గర్ విల్చర్ తెచ్చిన ఏఆర్-1 స్పీకర్ బలం ఆ గాలి స్ప్రింగులోనే ఉంది. ఇన్ఫినిట్ బాఫిల్ దారి వేరు. వెనక ఎంత గాలి ఉండాలంటే, అక్కడ స్ప్రింగు ఉందన్న సంగతే కోన్‌కి తెలియకూడదు. కారులో వెనక గాలి డిక్కీది, ముందు గాలి క్యాబిన్‌ది. వెనక సీటూ, దాని మీద అద్దం దాకా పరుచుకున్న డెక్కూ కలిసి గోడ.

చాలామంది సబ్ ఎంపికని క్యూటీఎస్‌తో మొదలుపెడతారు. నేను గోడతో మొదలుపెడతాను. గోడ కుదరని కారులో ఎంత మంచి సబ్ పెట్టినా అది ఖర్చే.

గోడ

చీకటి పడ్డాక షాపులో లైట్లన్నీ ఆర్పి, డిక్కీలో ఒక పెద్ద ఎల్‌ఈడీ వర్క్ లైట్ వెలిగించి మూత వేశాం. వెనక సీటు కుషన్, డెక్ మీది కార్పెట్ అట్ట ముందే తీసేశాం. నేనూ కస్టమరూ ముందు సీట్లలో కూర్చుని వెనక్కి తిరిగి చూశాం. డెక్ రేకులో స్పీకర్ల కోలగుంటలు రెండు, వాటి చుట్టూ పాతిక దాకా చిన్న రంధ్రాలు, మధ్యలో బ్రేక్ లైటు వైరు దూరే సందు, సీటు వీపు అంచుల వెంట సన్నటి వెలుగు గీతలు. జల్లెడ మీద దీపం పెట్టినట్టుంది. "ఇదంతా మూయాలా?" అన్నాడతను. అంతా మూయాలి. 30 హెర్ట్జ్ దగ్గర అరచేయి వెడల్పు సందు కూడా గోడలో తలుపు తెరిచి ఉంచినట్టే.

డిక్కీ 480 లీటర్లని కంపెనీ పుస్తకంలో ఉంది. టేపు పెట్టి కొలిచి, మూత కీళ్లూ పక్క ట్రిమ్మూ తీసేస్తే నా లెక్కకి 420 లీటర్లు వచ్చింది. డెక్ రేకు అడుగు నుంచి డిక్కీ నేల దాకా ఎత్తు 50 సెంటీమీటర్లు. వీల్‌చెయిర్ మడిచి పక్కకి పడుకోబెడితే 31. మిగిలింది 19. సబ్‌లని డెక్‌కి బిగిస్తే మాగ్నెట్లు కిందికి వేలాడేది ఆ 19 సెంటీమీటర్లలోనే. కాగితం మీద ఈ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాను. చివరికి సబ్‌ని తేల్చింది కూడా ఇదే.

సీటు వెనక నిలువుగా బాఫిల్ కడితే ఎలా ఉంటుందనీ ఆలోచించాం. అలా కడితే మాగ్నెట్లు డిక్కీ పొడవులోకి వస్తాయి, చెయిర్ అసలు పట్టదు. పైగా ముందు సీటు వీపు స్పంజి అడ్డం. డెక్ మీద అయితే సౌండ్ నేరుగా వెనక అద్దానికి తగిలి క్యాబిన్‌లోకి పరుచుకుంటుంది. కాబట్టి సబ్‌లు డెక్‌కి, సీటు వెనక మాత్రం 12 మిల్లీమీటర్ల ప్లైతో ఉత్త గోడ. అంటే వెనక సీటు ఇక మడవడం కుదరదు. దానికి అతను ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టాం. ఈ మాట ముందే చెప్పి తీరాలి. తర్వాత తెలిస్తే ఎవరికైనా బాధగానే ఉంటుంది.

మూడు జతల లెక్క

ఇప్పుడు సబ్‌లు. నా ముందు మూడు దారులున్నాయి. అతను చూసి పెట్టుకున్న 15 అంగుళాల జత, బాక్స్‌లో ఉన్న పాత 12 అంగుళాల జత, ఇన్ఫినిట్ బాఫిల్ కోసమే చేసిన మరో 12 అంగుళాల జత.

డ్రైవర్ గుణాలని అంకెల్లో పట్టే పద్ధతి 1961లో నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ రాసిన పేపర్ల నుంచి వచ్చింది. ఈ పనికి అందులో నాలుగు అంకెలు చాలు. ఎఫ్ఎస్ అంటే కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ. క్యూటీఎస్ అంటే ఆ ఊగుడికి ఎంత కళ్లెం ఉందో చెప్పేది. అంకె తక్కువైతే కళ్లెం గట్టిది. వీఏఎస్ అంటే కోన్‌ని పట్టి ఉంచే సస్పెన్షన్ మెత్తదనం ఎన్ని లీటర్ల గాలి మెత్తదనంతో సమానమో ఆ కొలత. ఎక్స్‌మాక్స్ అంటే కోన్ ఒక వైపుకి ఎన్ని మిల్లీమీటర్లు సవ్యంగా కదలగలదో అది.

డిక్కీలో పెట్టాక క్యూ ఎంతకి పెరుగుతుందో చూడాలంటే, వీఏఎస్‌ని ఒక్కో సబ్‌కి వచ్చే లీటర్లతో భాగించి, దానికి 1 కలిపి, వర్గమూలం తీసి, దానితో క్యూటీఎస్‌ని గుణించాలి. ఎఫ్ఎస్‌ని కూడా అదే అంకెతో గుణిస్తే కొత్త రెజొనెన్స్ (డిక్కీలో పెట్టాక కోన్ ఊగే ఫ్రీక్వెన్సీ) వస్తుంది. రెండు సబ్‌లు కాబట్టి 420 లీటర్లలో ఒక్కోదానికి 210.

15 అంగుళాల దానికి ఎఫ్ఎస్ 20, క్యూటీఎస్ 0.70, వీఏఎస్ 260 లీటర్లు. 260ని 210తో భాగిస్తే 1.24. ఒకటి కలిపి వర్గమూలం తీస్తే దాదాపు 1.5. అంటే క్యూ 1.05కి, రెజొనెన్స్ 30 హెర్ట్జ్‌కి ఎగబాకుతాయి. ఇన్ఫినిట్ అన్న మాటకి ఇక్కడ అర్థమే లేదు. డిక్కీ గాలి ఆ సస్పెన్షన్ కంటే గట్టి స్ప్రింగు అయిపోయింది. 20 హెర్ట్జ్ సబ్ కొని 30 హెర్ట్జ్ సబ్‌గా వాడుకున్నట్టు, అదీ ఒకే స్వరం దగ్గర బుయ్యిమనే సబ్‌గా. వెనక గాలి వీఏఎస్‌కి కనీసం నాలుగు రెట్లు ఉండాలన్నది పాత మొరటు లెక్క. ఈ జతకి వెయ్యి లీటర్లు కాదు, రెండు వేలు కావాలి. ఏ సెడాన్‌లో ఉంటుంది? ఇన్ఫినిట్ బాఫిల్ అనగానే పెద్ద సబ్ అనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది. ఇంట్లో అటక మొత్తాన్ని వెనక గాలిగా వాడుకునేవాళ్లకి ఆ సబ్ అద్భుతంగా ఉంటుంది. అది చెడ్డ సబ్ కాదు, ఈ డిక్కీ దానికి చిన్నది.

పాత 12 అంగుళాలవి: ఎఫ్ఎస్ 27, క్యూటీఎస్ 0.42, వీఏఎస్ 60 లీటర్లు, ఎక్స్‌మాక్స్ 18 మిల్లీమీటర్లు. డిక్కీలో క్యూ 0.48, రెజొనెన్స్ 31 హెర్ట్జ్ దగ్గరకి వస్తాయి. "క్యూటీఎస్ 0.6 కంటే తక్కువుంటే ఇన్ఫినిట్ బాఫిల్‌కి పనికిరాదంటారు కదా" అని అతను అడిగాడు. ఆ మాట ఇంటి గదికి సరిపోతుంది. కారు సంగతి వేరు.

అలల నిడివి క్యాబిన్ పొడవుకి రెట్టింపు దాటాక, లోపల అలలు పరిగెత్తడం ఆగిపోయి క్యాబిన్ మొత్తం ఒకే ఒత్తిడి గదిగా మారుతుంది. ఈ కారులో డ్యాష్‌బోర్డు నుంచి వెనక అద్దం దాకా 2.6 మీటర్లు. ధ్వని వేగం 344ని 5.2తో భాగిస్తే 66 హెర్ట్జ్. అక్కడి నుంచి కిందికి పోయేకొద్దీ క్యాబినే బాస్‌ని పెంచుతుంది. గాలి కాస్త కూడా బయటికి పోని గట్టి పెట్టెలో అయితే ఆ పెంపు ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్. నిజం కార్లలో తలుపులూ రేకులూ ఊగుతాయి, గాలి కారుతుంది కాబట్టి అంతకంటే తక్కువ వస్తుంది. అయినా తక్కువ క్యూ ఉన్న సబ్ కింద పోగొట్టుకునేదాన్ని కారు చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది. నన్ను అడిగితే కారులో 0.4 నుంచి 0.75 దాకా ఏ క్యూటీఎస్ అయినా దారికి వస్తుంది. తక్కువ వైపు ఉంటే ఈక్వలైజర్‌తో కొంచెం నింపుకోవచ్చు. 1 దాటిన క్యూని మాత్రం క్యాబిన్ పెంపు ఇంకా ఎగదోస్తుంది.

ఒత్తిడి గదిలో అసలు లెక్క కోన్ ఎంత గాలిని తోస్తుందన్నదే. కోన్ వైశాల్యం 480 చదరపు సెంటీమీటర్లు, కదలిక 14 మిల్లీమీటర్లు, రెండు సబ్‌లు అనుకుంటే తోసే గాలి లీటరున్నర లోపే, 1.34 లీటర్లు. క్యాబిన్ మూడు వేల లీటర్లు. ఏమీ కారని ఆదర్శ క్యాబిన్‌లో ఆ కాస్త గాలికే 127 డెసిబెల్స్ వస్తాయి. ఊగే రేకులకీ కారే సందులకీ కొన్ని డెసిబెల్స్ పోగొట్టుకున్నా ఒక కుటుంబం వినే పాటకి అది చాలా ఎక్కువ. ఈ చూపుతో చూస్తే 18 మిల్లీమీటర్లున్న పాత జతే గట్టిది. ఉన్నవే వాడేస్తే డబ్బూ మిగులుతుంది. నా మొదటి మొగ్గు అటే.

కానీ రెండు అడ్డొచ్చాయి. పాత సబ్‌లని బాక్స్‌లోంచి తీసి టేబుల్ మీద పెట్టి, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్‌తో ఇంపెడెన్స్ స్వీప్ (ఒక్కో ఫ్రీక్వెన్సీకీ సబ్ చూపే విద్యుత్ నిరోధం గీత) తీశాను. మొదటిది 27 దగ్గర నిటారుగా లేచింది. రెండోదాని శిఖరం పొట్టిగా, వెడల్పుగా, చేత్తో నొక్కిన మట్టిముద్దలా ఉంది. ఎక్కడో రాపిడి ఉందన్నమాట. కోన్ మీద రెండు చేతుల వేళ్లూ ఎదురెదురుగా ఆనించి సమానంగా, మెల్లగా కిందికి నొక్కాను. నాలుగైదు మిల్లీమీటర్లు దిగాక వేళ్లకి తెలిసింది: ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు సన్నటి గరగర. కోన్‌ని కదిపే తీగచుట్ట, అంటే కాయిల్, పక్కకి ఒరిగి ఇనుముకి రాసుకుంటోంది. ఎప్పుడో ఆంప్ (ఆంప్లిఫయర్) తన శక్తి హద్దు దాటి క్లిప్ అవుతుండగా గట్టిగా వాయించిన ఫలితం అయ్యుండాలి. బాక్స్‌లో గాలి స్ప్రింగు కదలికని తగ్గించడంతో ఇన్నాళ్లూ బయటపడలేదు. ఇన్ఫినిట్ బాఫిల్‌లో అయితే పట్టుమని నెల తిరగకుండా కాలిపోయేది.

ఒక్కదాన్ని అదే మోడల్‌తో మార్చుకోవచ్చు. కానీ రెండో అడ్డు దాటేది కాదు. ఆ సబ్ లోతు 21 సెంటీమీటర్లు. పైన 18 మిల్లీమీటర్ల ప్లై పోగా రేకు కిందికి దాదాపు 19 దిగుతుంది. ఉన్నదే 19. చెయిర్ పెట్టిన ప్రతిసారీ మాగ్నెట్‌కి చక్రం గీసుకుంటుంది.

మూడో జత లోతు 15 సెంటీమీటర్లు. మాగ్నెట్ చిన్నది, బరువు సగం. ఎఫ్ఎస్ 24, క్యూటీఎస్ 0.68, వీఏఎస్ 95 లీటర్లు, ఎక్స్‌మాక్స్ 14. డిక్కీలో క్యూ 0.82, రెజొనెన్స్ 29 హెర్ట్జ్. రేకు కిందికి 13 సెంటీమీటర్లే దిగుతుంది, చెయిర్‌కి పైన 6 సెంటీమీటర్లు ఖాళీ. అతని కారులో విడిగా డీఎస్పీ (సౌండ్‌ని దిద్దే డిజిటల్ పెట్టె) లేదు, పెట్టుకునే ఉద్దేశమూ లేదు. ఆంప్‌లో ఉన్న లో-పాస్ (పై స్వరాలని ఆపేది), సబ్‌సోనిక్ (మరీ కింది స్వరాలని ఆపేది) ఫిల్టర్లే దిక్కు. ఈక్వలైజర్ ఊతం లేకుండా తనంతట తాను 20 హెర్ట్జ్ దాకా దిగే సబ్ కావాలి. ఈ జత దిగుతుంది. దీన్నే ఖాయం చేశాం.

డ్యూయల్ కాయిల్ సబ్‌లో ఒక్క కాయిలే కలిపి, రెండోది ఊరికే వదిలేసి క్యూటీఎస్ పెంచుకునే కిటుకు ఒకటుంది. పెరగడం నిజమే, ఎలక్ట్రికల్ క్యూ రెట్టింపవుతుంది. కానీ సెన్సిటివిటీ పడిపోతుంది, సగం కాయిలే వేడిని మోయాలి. నేను చేయను.

కోన్లు ఆకాశం చూస్తూ పడుకుంటే సస్పెన్షన్ జారిపోదా అన్న టెన్షన్ కూడా చాలామందికి ఉంటుంది. ఎఫ్ఎస్ తెలిస్తే జారుడు తెలిసినట్టే. 24 హెర్ట్జ్ కోన్ తన బరువుకి దిగేది 0.43 మిల్లీమీటర్లు. 14లో అది మూడు శాతం. ఐదు శాతం లోపు ఉంటే నేను పట్టించుకోను.

బిగింపు

కొత్త సబ్‌లు డబ్బాలోంచి తీసిన రోజు ఎఫ్ఎస్ 27 చూపించాయి. 20 హెర్ట్జ్ టోన్‌తో మెల్లగా పది గంటలు ఆడించాక 24కి దిగాయి. ఏ లెక్కకైనా ఆ తర్వాతి అంకెలే వాడాలి.

డెక్ రేకులో ప్రెస్ చేసిన రిబ్బులు బండి బిగువులో భాగం. వాటి జోలికి పోలేదు, మధ్య మధ్య ఉన్న బల్లపరుపు రేకు మాత్రమే కోశాం. పైన 18 మిల్లీమీటర్ల బర్చ్ ప్లై ఒకే పలక, కింద రిబ్బుల వెంట ఇనుప యాంగిల్, మధ్యలో బ్యూటైల్ (జిగురు రబ్బరు), అన్నీ కలిపి బోల్టులు. పిల్లల సీటు పట్టీ తగిలించే కొక్కేలు డెక్ మీదే ఉంటాయి. వాటికి ప్లైలో మూతలతో కిటికీలు వదిలాం. ఇప్పుడు ఆ ఇంట్లో చిన్నపిల్లలు లేరు, అయినా ఆ కొక్కెం మీద ఒక ప్రాణం ఆధారపడే రోజు రావచ్చు.

ఇంత బిగింపు ఎందుకంటే, ఒక్కో కోన్ బరువు 150 గ్రాములు. 30 హెర్ట్జ్ దగ్గర 14 మిల్లీమీటర్లు ఊగేటప్పుడు రెండూ కలిసి డెక్‌ని దాదాపు 150 న్యూటన్ల బలంతో పైకీ కిందికీ గుంజుతాయి. 15 కిలోల బరువుని సెకనుకి 30 సార్లు ఎత్తి దించినట్టు. అట్టలాంటి రేకు అప్పుడు తానే ఒక స్పీకర్ అవుతుంది, అదీ తప్పు ఫేజ్‌లో (కోన్‌కి ఎదురు ఊపులో).

మాగ్నెట్ల కింద 4 సెంటీమీటర్ల ఖాళీతో స్టీలు మెష్ పంజరం కట్టాం. మాగ్నెట్ వెనక గాలి రంధ్రానికి బట్ట గానీ బ్యాగ్ గానీ అడ్డం పడకూడదు, కనెక్షన్లకి చెయిర్ ఇనుము తగలకూడదు.

మొదటి స్వీప్ నిరాశపరిచింది. మైకు డ్రైవర్ తల దగ్గర పెట్టి చూస్తే 40 హెర్ట్జ్ నుంచి కిందికి వంపు. లైటు పరీక్షలో దొరికినవన్నీ మూసేశాం కదా మరి! సన్నటి టిష్యూ కాగితం చీలిక చేతిలో పట్టుకుని, 25 హెర్ట్జ్ టోన్ పెట్టి, అంగుళం అంగుళం వెతికాం. ఎడమ వైపు సీటుబెల్టు రీలు వెనక కాగితం పురుగు రెక్కలా కొట్టుకుంది. ట్రిమ్ ఊడదీస్తే పిల్లర్‌లో పిడికిలి పట్టేంత రంధ్రం, డిక్కీ పక్క గోడలోకి దారి. వెలుతురు తిన్నగా పోతుంది కాబట్టి ట్రిమ్ మలుపు దగ్గర ఆగిపోయింది, మాకు కనబడలేదు. గాలికి మలుపు అడ్డం కాదు. రీలు తిరగడానికి అడ్డు రాకుండా దాని వెనక రేకు ముక్క, బ్యూటైల్ వేసి మూసి, అవతలి వైపూ అదే చేశాం. 30 హెర్ట్జ్ దగ్గర 5 డెసిబెల్స్ లేచింది. అప్పటి నుంచి లైటు పరీక్ష తర్వాత కాగితం పరీక్ష కూడా అయ్యాకే స్వీప్ తీస్తున్నాను.

కారులోనే మళ్లీ ఇంపెడెన్స్ చూశాను. రెజొనెన్స్ 29 రావాల్సింది 28 వచ్చింది. వెనక్కి లెక్కేస్తే డిక్కీ 420 లీటర్లలా కాకుండా 520 లీటర్లలా ప్రవర్తిస్తోంది. స్టెప్నీ గుంట, పక్క ట్రిమ్‌ల వెనక బోలు, మూత రేకు ఊగుడు, బంపర్ వెనక గాలి మూతలు, అన్నీ కలిసి ఇచ్చిన అదనం అది. క్యూ 0.79. నాకు సంతోషమే. తర్వాత రెండు పెద్ద సూట్‌కేసులూ వీల్‌చెయిరూ పెట్టి చూశాం. రెజొనెన్స్ ఒక్క హెర్ట్జ్ పైకి జరిగింది, చెవికి తేడా తెలియలేదు. చెయిర్ మొత్తం ఖాళీ పైపులూ బట్టా కాబట్టి అది మింగే గాలి చాలా తక్కువ.

వాట్లు

అతని దగ్గరున్న ఆంప్ 2 ఓమ్స్ దగ్గర 1000 వాట్లది. అదే ఉంచాం. అయితే ఈ భాగాన్ని తేలిగ్గా తీసుకుంటే కష్టపడి ఎంచుకున్న సబ్ ఒక్క సాయంత్రంలో పోతుంది.

కోన్ అంచు దగ్గర చిన్న కాగితం అతికించాను, దాని మీద సన్నటి త్రిభుజం గీసి ఉంది. కోన్ ఊగేటప్పుడు ఆ త్రిభుజం రెండుగా కనబడుతుంది, రెండూ ఒకదాన్నొకటి కోసుకునే చోటుని బట్టి ఎన్ని మిల్లీమీటర్లు కదులుతోందో చదవొచ్చు. ఆంప్ అవుట్‌పుట్‌కి మల్టీమీటర్ తగిలించి 20 హెర్ట్జ్ టోన్‌తో గెయిన్ నెమ్మదిగా పెంచాను. 10 వోల్టులకి 8 మిల్లీమీటర్లు. 17 వోల్టులకి 14, అంటే హద్దు. 4 ఓమ్స్ సబ్‌కి 17 వోల్టులంటే 72 వాట్లు.

అతను మీటర్ వైపు చూసి, "72 వాట్లకే అయిపోయిందా అన్నా?" అన్నాడు.

అయిపోయింది. ఇదే సబ్‌ని 30 లీటర్ల సీల్డ్ బాక్స్‌లో పెడితే గాలి స్ప్రింగుని గెలిచి అంతే కదలడానికి 500 వాట్ల దాకా కావాలి. ఇక్కడ ఆ స్ప్రింగు లేదు. చేతికి తక్కువ వాట్లతో ఎక్కువ కదలిక వచ్చింది, దానికి బదులుగా కాపలా పోయింది. సబ్ డబ్బా మీద 400 వాట్లని ఉండొచ్చు. అది కాయిల్ ఓర్చుకునే వేడి లెక్క. ఇన్ఫినిట్ బాఫిల్‌లో కాయిల్ వేడెక్కేలోపే కోన్ హద్దు దాటేస్తుంది. ఆ ఆంప్‌ని పూర్తిగా తెరిస్తే 44 వోల్టులు దాటతాయి, కోన్ హద్దుకి రెండున్నర రెట్లు పోవాలని చూస్తుంది, స్పైడర్ (కోన్‌ని పట్టి ఉంచే మడతల బట్ట) తెగుతుంది.

అందుకే సబ్‌సోనిక్ ఫిల్టర్ 20 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ వాలుతో పెట్టి, గెయిన్‌ని ఎంత పెంచినా 20 వోల్టులు దాటకుండా ఆపాను. ఆ ఫిల్టర్ ఉంటే 25 దగ్గరా 30 దగ్గరా కూడా కోన్ 14 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. రెండు సబ్‌లకీ కలిపి 200 వాట్లు. గెయిన్ నాబ్ మీద పెయింటుతో గుర్తు పెట్టి, అది ఎందుకో అతనికి కాగితం త్రిభుజంతో సహా చూపించాను. బాస్ బూస్ట్ సున్నా. లో-పాస్ 63 హెర్ట్జ్ దగ్గర ఆపాం. క్యాబిన్ పెంపు వల్ల 35, 40 హెర్ట్జ్ చుట్టూ కాస్త బరువుగా ఉంది, 80 పెడితే ఆ బరువు మగ గొంతుల్లోకి పాకుతోంది.

గాలి దారి

అప్పగించిన నాలుగో రోజు ఫోన్. "తలుపులు గట్టిగా కొడితే గానీ పడట్లేదన్నా. వానలో అద్దాలు ఊరికే మసకబారుతున్నాయి."

ఇది నా తప్పు. డెక్ రేకులో మేం మూసిన ఆ పాతిక రంధ్రాలు ఊరికే పెట్టినవి కావు. బ్లోయర్ తెచ్చే గాలి క్యాబిన్ దాటి, ఆ రంధ్రాల్లోంచి డిక్కీలోకి దిగి, వెనక బంపర్ చాటున ఉన్న రబ్బరు మూతల్లోంచి బయటికి పోతుంది. దారి మూసేస్తే పాత గాలి పోదు, కొత్త గాలి రాదు. తలుపు వేసినప్పుడు లోపలి గాలికీ తప్పించుకునే చోటుండదు. అద్దం మసకబారితే అది సౌండ్ సమస్య కాదు, ప్రమాదం. అదే రోజు బండి తెప్పించుకున్నాను.

రంధ్రాలు మళ్లీ తెరిస్తే గోడ పోతుంది. ఈ కారుకి గాలి మూతలు రెండున్నాయి, చెరో పక్కా ఒకటి. ఎడమ మూత చుట్టూ ప్లైతో చిన్న గూడు కట్టి డిక్కీ నుంచి వేరు చేశాం. డెక్ ఎడమ చివరి రంధ్రాల నుంచి ఆ గూట్లోకి, పక్క ట్రిమ్ వెనకగా, లోపల ఫోమ్ అతికించిన బల్లపరుపు డక్టు దించాం. ఇప్పుడు క్యాబిన్ గాలి డిక్కీని ముట్టకుండా నేరుగా బయటికి పోతుంది. కుడి మూత డిక్కీకి మిగిలింది. ముందు గాలీ వెనక గాలీ ఎక్కడా కలవవు. తలుపులు మామూలుగా పడ్డాయి, అద్దాలు తేటపడ్డాయి. 30 హెర్ట్జ్ దగ్గర ఒక డెసిబెల్ లోపే తగ్గింది. ఈ దారి మొదటే కట్టాల్సింది. కొన్ని హైబ్రిడ్ కార్లలో బ్యాటరీని చల్లబరిచే గాలి కూడా వెనక సీటు పక్కనుంచే పోతుంది. అలాంటి బండిలో ఏ రంధ్రం ఎందుకుందో తెలియకుండా ఒక్కటీ మూయకూడదు.

పాత బాక్స్ ఉన్నప్పుడు తీసి దాచిన స్వీప్‌తో కొత్తదాన్ని పోల్చాను, రెండూ వాటి వాటి హద్దుల దగ్గర. 50 హెర్ట్జ్ దగ్గర పాతదే 3 డెసిబెల్స్ ముందుంది. కిక్ డ్రమ్ గుండెకి తగిలే దెబ్బలో ఆ తేడా తెలుస్తుంది, అతనికీ తెలిసింది. 25 దగ్గర కొత్తది 6 డెసిబెల్స్ ఎక్కువ. ఆర్గన్ పెడల్ స్వరాలు, పెద్ద డోలు కొట్టాక గాల్లో మిగిలే ఆ ఊపు పాత బాక్స్‌లో వినపడనే లేదు. నాన్నగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి ఆయనకి అలవాటైన పాటలే పెట్టాం. వీపుకి అదురు తగులుతోందా అని అడిగాను. కుడి భుజం వైపు కొద్దిగా ఉందన్నారు. ప్లై గోడ ఒక చోట సీటు ఫ్రేముని ఆనుకుని ఉంది. అక్కడ కాస్త చెక్కి ఖాళీ చేశాం.

మూడు నెలల తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు డెక్ బోల్టుల్లో నాలుగు పావు చుట్టు వదులయ్యాయి, లాక్ నట్లు వేశాం. రెజొనెన్స్ 27కి దిగింది, సస్పెన్షన్ ఇంకాస్త మెత్తబడింది. 20 వోల్టుల హద్దుని 19కి తగ్గించి కొత్త గుర్తు పెట్టాను. నేను మీటర్ చుట్టేసేలోపు అతను వీల్‌చెయిర్ మడిచి డిక్కీలోకి తోశాడు. అది పంజరం కింద నుంచి ఎక్కడా తగలకుండా లోపలికి జారింది.